తోళ్ళ కొట్టాన్ని ఇల్లు చేసిన మారక్క

ధర్మవరంలో రైలు స్టేషను నుంచి నేతగాళ్ళ వీధికి పోయే దారిలో ఒక ఇల్లుండేది. దాన్ని అందరూ తోళ్ళ కొట్టం అనేవాళ్ళు. ఆ ఇంటి సొంతదారు గంగాధర అనే నేతగాడు. అతని తండ్రి, తను బతికి ఉన్న రోజుల్లో, దాన్ని ఒక తోళ్ళ వ్యాపారికి బాడుగకిచ్చాడు. ఆ వ్యాపారి పల్లెల నుంచి గొర్రె తోళ్ళు, మేక తోళ్ళు కొని, ఉప్పు పట్టించి, గోడల వెంట దొంతర్లుగా పేర్చి, సరిపడా జమ అయ్యాక గూడ్సు రైల్లో మద్రాసుకు పంపేవాడు. పన్నెండేళ్ళ తర్వాత అతను ఊరు విడిచి పోయాడు. తోళ్ళూ పోయాయి. వాసన మాత్రం పోలేదు. ఎండాకాలంలో ఆ ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. తడి పడితే వీధి చివరిదాకా కొట్టేది. గంగాధర దానికి తాళం వేసి మరిచిపోయాడు.

1952 కరువులో ఆమడగూరు దగ్గరి పల్లె నుంచి మారక్క, ఆమె మొగుడు ఎర్రప్ప, ఆరేళ్ళ కూతురు గంగాదేవి ధర్మవరం వచ్చారు. గొర్రెలు కాచుకుని బతికిన కుటుంబం. మందలో సగం మేత లేక చచ్చాయి, మిగిలిన సగాన్ని అమ్ముకున్నారు. ఎర్రప్పకు స్టేషనులో మూటలు మోసే పని దొరికింది. ఉండడానికి చోటు మాత్రం దొరకలేదు. రెండు నెలలు ఎవరిదో వసారాలో తలదాచుకున్నాక మారక్క ఒకనాడు పొద్దున్నే గంగాధర ఇంటికి వెళ్ళింది.

"ఆ తోళ్ళ కొట్టం మాకియ్యప్పా. ఊరికే పడుండాది కదా."

మగ్గం మీద నుంచి గంగాధర తల తిప్పి చూశాడు. "ఆడ మనుషులు ఉండలేరమ్మా. పోయినేడు ఒకాయన వచ్చి సున్నం కొట్టించినాడు. నాలుగు దినాలకే మూట సర్దుకుని పోయినాడు."

"ఆయన పోతే పోయినాడు. తాళంచెవి ఇయ్యి, నేను చూసుకుంటా."

గంగాధర భార్య యశోదమ్మకు ఆ మాట తీరు నచ్చింది. ఆమే లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి మారక్క చేతిలో పెట్టింది.

తలుపు తీసిన రోజు మారక్క చీపురు పట్టలేదు, నీళ్ళు తేలేదు. కొంగు నడుముకు చుట్టుకుని గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గోడకు ముక్కు ఆనించి, జానా జానా జరుగుతూ, ఇల్లంతా వాసన చూసింది. వాళ్ళ నాయన గొర్రెల దొడ్డిని ఇట్లాగే చూసేవాడు. ఏ మూల మట్టి తీయాలో, ఏ మూల వదిలేయాలో ముక్కుతోనే తేల్చేవాడు. సాయంత్రానికి ఆమెకు విషయం తెలిసిపోయింది. కప్పులో ఏమీ లేదు. దూలాలకు కొంచెం పట్టింది. గోడల్లో మనిషి నడుమెత్తు దాకా ఉంది. అసలుదంతా నేలలో ఉంది. తోళ్ళ నుంచి కారిన ఉప్పునీళ్ళు పన్నెండేళ్ళు ఆ నేల తాగింది.

మరునాడు యశోదమ్మ చూడ్డానికి వచ్చింది. ముక్కు మూసుకుని గడప బయటే నిలబడింది. "సాంబ్రాణి తెచ్చిస్తా మారక్కా, పొద్దూ సాయంత్రం పొగ వేస్తే తగ్గుతాదేమో."

"ఇప్పుడొద్దమ్మా. వాసన మీద ఇంకో వాసన పోస్తే రెండూ కలిసి ఇంట్లోనే ఉంటాయి. ముందు దీన్ని బయటికి పంపాల."

పంపడానికి ఆమెకు పదిహేను రోజులు పట్టింది. మొదట ఎర్రప్ప చేత కప్పు మీది పెంకులు నాలుగు వరసలు తీయించింది. ఎన్నేళ్ళుగానో ఎండ చూడని నేల మీద ఎండ పడింది. గోడలకున్న పాత మట్టిపూతను నడుమెత్తు దాకా గీకేసింది. నేలను అడుగు లోతున తవ్వి, ఆ మట్టిని తట్టల్తో ఊరి బయటి గుంతలో పోసింది. వంక గట్టు నుంచి ఎర్రమట్టి తెచ్చి, అందులో పొయ్యి బూడిద, ఎండిన వేపాకు పొడి కలిపి, నేలకు పరిచి దిమ్మెసతో కొట్టించింది. గోడలకు కొత్త మట్టి మెత్తి, అది ఆరాక సున్నం పూసింది. దూలాలను చింతపండు పిప్పి, బూడిద కలిపి రుద్దింది. కమ్మరి కొలిమి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గులను నాలుగు గంపల్లో పోసి నాలుగు మూలలా పెట్టింది. మూడు రోజులకొకసారి ఆ బొగ్గులను ఎండలో ఆరబోసి మళ్ళీ లోపల పెట్టేది. ఆ పని అంతా అయ్యాకే పెంకులు తిరిగి కప్పించి, నేలను పేడతో అలికి, తలుపులు మూసి, పచ్చి వేపాకు పొగ వేసింది.

పదహారో రోజు యశోదమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. ముక్కు మీద కొంగు లేదు. నడింట్లో నిలబడి చుట్టూ చూసి, "ఇది మా ఇల్లేనా?" అంది. మారక్క నవ్వి ఆమెకు మజ్జిగ ఇచ్చింది.

ఆ ఇంట్లో వాళ్ళు ఏడాది పైన హాయిగా ఉన్నారు. అక్కడే చిక్కొచ్చి పడింది. గంగాధర ఇంట్లో రెండు మగ్గాలు ఇరుగ్గా ఉండేవి. హిందూపురంలో ఒక పట్టుచీరల అంగడి నుంచి పెళ్ళి చీరలు కావాలని కబురొచ్చింది. ఇంకో రెండు మగ్గాలు పెట్టడానికి చోటు కావాలి. తోళ్ళ కొట్టం ఇప్పుడు తోళ్ళ కొట్టం కాదు, వెడల్పైన శుభ్రమైన ఇల్లు. గంగాధర మొహమాటపడుతూనే వచ్చి అడిగాడు.

"ఇల్లు మాకు కావాల్సొచ్చింది మారక్కా. ఈ ఇంటి పెరట్లోనే చిన్న కొట్టం వేయించిస్తా, మీరు ఆడ ఉండండి."

మారక్క కాళ్ళ కింది నేల చూసింది. ఆ నేల ప్రతి జానా తన చేతుల మీదుగా వచ్చింది. అయినా ఇల్లు అతనిది. కాదనడానికి తనకేం హక్కుంది? ఒక్క మాటే చెప్పింది.

"ఇల్లు తీసుకోప్పా. మగ్గానికి గుంతలు మాత్రం తవ్వొద్దు. నేను మార్చింది అడుగు లోతే. దాని కింద పాత నేల అట్లే ఉండాది. దాన్ని తెరిస్తే మళ్ళీ లేస్తాది."

నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చోవడానికి గుంత లేకుండా ఆ రోజుల్లో మగ్గం లేదు. ఇల్లు ఖాళీ చేయడం ఇష్టం లేక చెప్తోందనుకున్నాడు గంగాధర. "చూద్దాంలే" అని వెళ్ళిపోయాడు. మారక్క వాళ్ళు పెరటి కొట్టంలోకి మారాక, వారం తిరక్కుండానే నడుము లోతున రెండు గుంతలు తవ్వించాడు. ఒక మగ్గం మీద తను, ఇంకో మగ్గం మీద తమ్ముడు కుళ్ళాయప్ప కూర్చున్నారు. వేసవి గడిచింది. ఏ వాసనా రాలేదు. వీధిలో కనబడినప్పుడు గంగాధర మారక్కతో, "చూసినావా, ఏమీ కాలేదు" అన్నాడు. ఆమె తలాడించి ముందుకు నడిచింది.

అక్టోబరులో ముసురు పట్టింది. మూడు రోజులైనా వాన విడవలేదు. రెండో రోజే కుళ్ళాయప్ప గుంతలో నుంచి కాళ్ళు పైకి తీసుకుని, "అన్నా, ఏదో కుళ్ళినట్టుండాది" అన్నాడు. మూడో రోజుకు ఇల్లంతా నిండింది. అప్పటికి ఒక మామిడిపండు రంగు చీర నేసి కోసి పెట్టెలో పెట్టారు, ఇంకొకటి సగం నేత మీద ఉంది. యశోదమ్మ పెట్టె తెరిచి చీర మడత ముఖం దగ్గరికి తీసుకుంది. పట్టు తడినీ పట్టుకుంటుంది, వాసననూ పట్టుకుంటుంది. ఆమె ఆ చీరను అట్లాగే మడిచి పెట్టి, వానలోనే పెరట్లోకి నడిచింది. గంగాధర వెనకే వస్తాడేమోనని చూసింది. అతను రాలేదు, తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"మారక్కా, ఇంకో పది దినాల్లో అంగడాయన వస్తాడు. నువ్వు చెప్పింది వినలేదు మావాళ్ళు. ఏం మొహం పెట్టుకుని అడగాల్నో నాకే తెలీలేదు."

మారక్క రొట్టె తడుతోంది. చేతిలో ఉన్నది పెనం మీద వేసి, కాల్చి, గంగాదేవికి పెట్టి లేచింది. ముందే చెప్పాను కదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా తడిసి నిలబడ్డ యశోదమ్మను చూస్తే, ఆ మాట అనబుద్ధి కాలేదు.

"చీర యాడుండాది? దాన్ని ఎవరూ ఉతకలేదు కదా? అత్తరు పూయలేదు కదా?"

"లేదు."

"అయితే వాసన బయటికొస్తాది. పదమ్మా."

మొదట చీర సంగతి చూసింది. నీళ్ళు తగిలితే రంగు పాడవుతుంది, పొగ తగిలితే జరీ నల్లబడుతుంది, కాబట్టి ఆ రెండూ వద్దంది. పెద్ద చెక్కపెట్టెలో అడుగున బాగా కాలి చల్లారిన బొగ్గులు పరిచింది. మసి అంటకుండా వాటి మీద పాత నూలు చీర నాలుగు మడతలు వేసింది. పట్టుచీరను పూర్తిగా విప్పి, గాలి ఆడేలా వదులుగా దాని మీద పెట్టి మూత వేసింది. రోజూ పొద్దున చీర మడత మార్చేది, బొగ్గులు మార్చేది. వాన తెరిపియ్యలేదు కాబట్టి, తీసిన బొగ్గులను పెనం మీద వేడి చేసి, పూర్తిగా చల్లారాకే మళ్ళీ పెట్టెలో పోసేది. సగం నేసిన చీరను మగ్గం మీద నుంచి తీయడానికి లేదు. దాని కింద, పక్కన బొగ్గు గంపలు పెట్టి, పడుగు మీద పొడి గుడ్డ కప్పించింది.

తర్వాత గుంతలోకి దిగింది. గంగాధర, కుళ్ళాయప్ప గట్టున నిలబడి చూస్తున్నారు. ఆమె పారతో మట్టి తవ్వి, పిడికెడు తీసి వాసన చూసి పక్కకు వేస్తోంది. నడుము లోతున మట్టి నల్లగా, జిగురుగా ఉంది. ఇంకో మూర తవ్వాక రంగు మారింది. ఆ మట్టిని రెండుసార్లు వాసన చూసి గంగాధర చేతిలో పెట్టింది.

"ఇది చూడప్పా."

అతను జంకుతూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మట్టి వాసనే."

"అదే కావాల్సింది. ఇంతవరకూ తీసేయాల, పక్కలు కూడా మూర చొప్పున. ఈ మాట నేను ముందే సరిగా చెప్పుండాల్సింది. తవ్వొద్దన్నా గానీ, తవ్వితే ఎట్ల తవ్వాల్నో చెప్పలేదు."

గంగాధర పంచె ఎగ్గట్టి తనే గుంతలోకి దిగాడు. అన్నదమ్ములిద్దరూ నాలుగు రోజులు మట్టి మోశారు. అడుగున జానెడు మందం బొగ్గు పరిచి, దాని మీద సున్నం కలిపిన ఎర్రమట్టి కొట్టి, గుంత చుట్టూ బండలు నిలబెట్టి సందుల్లో సున్నం కూరారు. వాన తెరిపిచ్చింది. తొమ్మిదో రోజు యశోదమ్మ పెట్టె తెరిచి చీర ముఖానికి ఆనించుకుంది. దాన్ని మారక్క చేతుల్లో పెట్టింది. మారక్క అంతకుముందెప్పుడూ పట్టుచీర పట్టుకోలేదు. ఆమె చూసింది మాత్రం వాసనే. లేదు.

హిందూపురం నుంచి వచ్చిన అంగడాయన ఆ చీరను వెలుతురులో పరిచి, జరీ గీరి చూశాడు, అంచు వేళ్ళతో కొలిచాడు, కొంగు తిప్పి చూశాడు. ముక్కు దగ్గరికి తీసుకుపోనే లేదు. ఆ ఆలోచనే అతనికి రాలేదు. తలుపు వెనక నిలబడి చూస్తున్న మారక్కకు అంతకన్నా పెద్ద మెప్పు అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం గంగాధర పెరట్లోకి వచ్చాడు. "ఏం కావాల్నో చెప్పు మారక్కా."

ఆమె ఎప్పుడో ఆలోచించుకుని ఉంది. "ముందు సగం మగ్గాలకు ఉంచుకో. వెనక సగం మాకియ్యి. నడుమ గోడ పెట్టు. మళ్ళీ లేవమనకూడదు. నేను బతికినన్నాళ్ళూ ఆడే ఉంటా."

"ఇస్తా" అన్నాడు గంగాధర. అన్నట్టే గోడ పెట్టించాడు. గంగాదేవి ఆ గోడ అవతల యశోదమ్మ దగ్గర పట్టునూలు చుట్టడం నేర్చుకుని, పెద్దయ్యాక అదే బతుకుతెరువు చేసుకుంది.

చీర సంగతి ఊరంతా తెలిసింది. మారక్కను పిలవడం మొదలుపెట్టారు. కిరసనాయిలు ఒలికిన గదికి, పందికొక్కు చచ్చిన అటకకు, నెయ్యి కుళ్ళిన కుండలకు ఆమె కావాలి. కనగానపల్లి నుంచి ఒకసారి బండి కట్టుకుని వచ్చారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మోకాళ్ళ మీద కూర్చుని గోడ వాసన చూసేది. ఆమె వాడే సామానంతా ఆ ఇంటి వంటింట్లోనో, పెరట్లోనో దొరికేదే. బొగ్గు, బూడిద, సున్నం, నిమ్మతొక్కలు, వేపాకు, ఎండ.

1965లో ఆమెకు విషజ్వరం వచ్చింది. మూడు వారాలకు లేచింది గానీ ముక్కు పని చేయడం మానేసింది. పొయ్యి మీద ఉల్లిగడ్డ మాడినా తెలియలేదు. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎర్రప్పకు కూడా చెప్పలేదు. పెనుకొండ నుంచి ఆదిలక్ష్మమ్మ అనే ఆమె పిలవడానికి వస్తే, ఇంక దాచలేక, "నాకు వాసన తెలీడం లేదమ్మా, వేరే ఎవర్నన్నా చూసుకో" అంది.

"ఇంకెవరుండారు మారక్కా? వచ్చి చూడు, కాకపోతే పోనీ."

గంగాదేవిని వెంటబెట్టుకుని వెళ్ళింది. కోట కింద పాత రాతి ఇల్లు. వంటింట్లో ఏదో కుళ్ళు వాసన కొడుతోందట, ఎక్కడో తెలియదట. మారక్క అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఏమీ తెలియలేదు. తలెత్తి, గోడ మీద ముసురుతున్న ఈగలను చూసింది. అవి ఎక్కడ వాలుతున్నాయి? గోడ మీద అరచేయి పెట్టి, జానా జానా జరుపుతూ పోయింది. నీళ్ళ తొట్టి వెనక ఒకచోట రాయి మిగతా చోట్ల కన్నా చల్లగా తగిలింది. గోరుతో గీకితే సందులో సున్నం మెత్తగా ఊడి వచ్చింది.

"ఈడ వాసన చూడు" అంది గంగాదేవితో.

గంగాదేవి వంగి, వెంటనే ముఖం తిప్పుకుంది. "ఈడే అమ్మా."

"తొట్టి నీళ్ళు లోపలికి దిగుతాండాయి. ఈ రాయి తీయించమ్మా ఆదిలక్ష్మమ్మా. బొగ్గు, సున్నం తెప్పించు. నాలుగు దినాల పని." మారక్క కొంగు నడుముకు చుట్టుకుని పార అడిగింది.