కుండలో రేడియో

ఆ రోజుల్లో ఎమ్మిగనూరులో రేడియో ఉన్న ఇంటికి అరుగు తుడుచుకునే పని ఉండేది కాదు. వినడానికి వచ్చి కూర్చునేవాళ్ల పంచెలే ఆ పని చేసిపెట్టేవి. మా సందులో ఆ వైభవం పెద్దనాయనది. ఆయన నూలు ఇస్తే చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు నేసేవాళ్లు, వాళ్లతోపాటు నేనూ. నా కాళ్లు మగ్గం గుంటలో ఉండేవిగానీ మనసంతా ఆదోనిలో ఉండేది. అక్కడ రేడియో రిపేరు షాపులో పని నేర్చుకోవాలని నా కోరిక. (నేను నేసిన చీర చూసినవాళ్లంతా అది మంచి కోరికేననేవాళ్లు.) పెద్దనాయన ఒప్పుకోలేదు. ఒకరోజు ధైర్యం చేసి, మన రేడియో నుంచి నాలుగిళ్లకూ వైర్లు లాగుతాను, పాటలు వింటూ నేస్తే పని చురుగ్గా సాగుతుంది అన్నాను. ఆయన వక్క నములుతూ ఆలోచించాడు.

"సరే, సూద్దాం. పని పెరిగితే నిన్ను ఆదోనికి పంపుతా. తగ్గిందా, ఇంగ రేడియో మాటెత్తగూడదు. మగ్గం దిగేది లేదు" అన్నాడు.

నా బతుకంతా ఆ వైర్ల మీద వేలాడింది. పాత స్పీకర్లు సంపాదించి, మిద్దెల మీదుగా వైర్లు లాగి, శబ్దం గట్టిగా రావాలని ఒక్కో స్పీకరును ఒక్కో కుండ మూతికి బిగించాను. (కుండలు పెద్దమ్మవి. ఆమెకు ఆలస్యంగా తెలిసింది.) ఒక్కో ఇల్లు కలుపుతుంటే శబ్దం వాటాలైపోయి, నాలుగో ఇంటికి చేరేసరికి గాయకుడి గొంతు పీలగా అయిపోయింది. ఆ ఇంటి అత్త గుమ్మంలోకి వచ్చి, "ఏమప్పా, అందరికీ మంచి గొంతాయన్ను పంపి, మాకు జొరమొచ్చినోన్ని పంపినావే?" అని అడిగింది. రేడియో మీట చివరిదాకా తిప్పాక ఆయన కోలుకున్నాడు.

హుషారు పాట వస్తే మగ్గాల మీద నూలు నాడెలు అటూ ఇటూ పరుగెత్తేవి. నేను బట్టలు కూడా సర్దుకున్నాను. అంతలో ఆదివారం మధ్యాహ్నం నాటకం వచ్చింది. మాకు అమావాస్యకే సెలవు, ఆదివారానికి కాదు. మాటలు వినబడటం లేదని ఒకరు మగ్గం ఆపారు, వాళ్లను చూసి ఇంకొకరు ఆపారు, చివరికి సందంతా సద్దుమణిగింది. మగ్గాల చప్పుడులోనే పుట్టి పెరిగిన పెద్దనాయన ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి నిద్ర లేచాడు.

"ఏమిరా, మగ్గాలు నిలిచిపోయినాయి?" అంటూ వచ్చి వైరు పట్టుకున్నాడు.

"రోంతసేపు ఊరకుండు. కోడల్ని వానలో బయటికి తోసినారు" అంది పెద్దమ్మ.

ఆయన చెయ్యి వైరు మీదే ఉండిపోయింది. "ఇప్పుడు యాడికి పోతాదంట ఆ పిల్ల?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆ కోడలు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఇక ఆ వారమంతా మా సందులో నేసిన బట్టకన్నా ఆమె కోసం జరిగిన వాదనే ఎక్కువ. వారం చివర పెద్దనాయన చీరల మూట చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టి, "రేపు పొద్దున్నే బస్సెక్కు. ఆదోనికి పోతాండావు" అన్నాడు. గెలిచానని పొంగిపోయి సందంతా బొరుగులూ బెల్లమూ పంచాను. పాటకూ పనికీ ఉన్న సంబంధం మీద ప్రతి గుమ్మంలో ఉపన్యాసం ఇచ్చాను. అందరూ తలలూపుతూ తిన్నారు. పెద్దనాయన రెండోసారి కూడా తీసుకున్నాడు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం ఇంటికి వస్తే సందులో ఒక్క మగ్గమూ ఆడటం లేదు, కుండలు మాత్రం మాట్లాడుతున్నాయి. పెద్దనాయన రేడియో మీట దగ్గర కొలువుదీరి ఉన్నాడు. పని సంగతేమిటని అడిగితే పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"గెల్సినావని పంపినాడనుకుంటివా నాయనా? నువ్వీడుంటే ఇంగేమేం తగిలిస్తావో, మగ్గాలు నడవవని పంపినాడు."

"మాట్లాడకండి, నాటకం వస్తాంది" అన్నాడు పెద్దనాయన.

ఇప్పుడు మా మనవడు గోడకు చిన్న వైఫై పెట్టె బిగించాడు. ఇంట్లో ఫోన్లన్నీ దాని మీదే నడుస్తాయి, ఎవరి గొంతూ పీలగా మారదు. దాన్ని చూసినప్పుడల్లా బెల్లం పళ్లెంతో గుమ్మం గుమ్మానికీ తిరిగిన ఆ విజేత గుర్తొస్తాడు. నిజం తెలిసుంటే సిగ్గుతో బస్సెక్కేవాడు కాదు పాపం. ఆ రోజు నోటినిండా బెల్లం పెట్టుకుని ఒక్క మాట బయటపెట్టని మా సందువాళ్లంటే నాకు ఇప్పటికీ ప్రాణం.