పడవ ఒంటి మీద పల్లం

నెల్లూరులో నేను పనిచేసే ఆఫీసు కింద ఈ మధ్య ఒక కార్ల షెడ్డు పెట్టారు. సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, రుద్ది, రంగు కొడతారు. ఒకరోజు మెట్లు దిగుతుంటే తీపీ ఘాటూ కలిసిన రెసిన్ జిగురు వాసన, దాని వెంటే నాలుకకు సున్నంలా అంటుకునే పొడి. మెట్ల మీదే ఆగిపోయాను. నా కుడి అరచేయి దానంతటదే తెరుచుకుంది, దేన్నో తడిమి చూడబోతున్నట్టు. మస్తాన్ అన్న గుర్తొచ్చాడు. ఆయన గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆయన నీకేం నేర్పాడని ఎవరైనా అడిగితే సూటిగా చెప్పలేను. నాకే సరిగ్గా తెలియదు.

డిగ్రీ అయిపోయి, ఏం చేయాలో తోచని రోజుల్లో కావలిలో ఆయన రంగుల కొట్లో పనికి కుదిరాను. ఇంట్లో అమ్మ అడిగితే బ్యాంకు పరీక్షలనేదాన్ని, మామయ్య అడిగితే బీఈడీ అనేదాన్ని. నిజానికి రెండింటి మీదా మనసు లేదు. మస్తాన్ అన్న యాభై దాటిన మనిషి. గేట్లకూ గోడలకూ, తుమ్మలపెంట నుంచి వచ్చే పడవలవాళ్ళకూ రంగులమ్ముతూ బతికాడు. ఈత రాదు. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. అలాంటివాడు ఇంటి వెనక రేకుల పంచలో సొంతంగా పడవ కట్టడం మొదలుపెట్టాడు. తెలిసినవాళ్ళనల్లా అడిగి, ప్లైవుడ్డు వంచి బిగించి, తప్పు వస్తే విప్పి మళ్ళీ బిగించి, పైన ఫైబర్ గుడ్డ పరిచి రెసిన్ పట్టించాడు. నేను చేరేనాటికి అది బల్లల మీద బోర్లించి ఉంది.

"ఎవరి కోసం అన్నా, ఈ పడవ?" అని అడిగాను.

"ఇన్నేళ్ళూ డబ్బాలమ్మినాను గానీ, నా చేత్తో ఒక్కదానికన్నా రంగేసినానా మ్మా? వేసేదేదో నేను చేసినదానికే వేద్దామని."

"సముద్రంలోకి మీరే పోతారా?"

"అబ్బే, నాకు భయం," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు.

కొట్లో బేరం పలచబడే మధ్యాహ్నాల్లో నన్ను పంచలోకి పిలిచేవాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకోమని, ఉప్పుకాగితం అతికించిన పొడవాటి చెక్క ఒకటి చేతికిచ్చేవాడు. చిన్నముక్కతో రుద్దితే చెయ్యి గుంట వెంటే దిగిపోతుంది; పొడుగు చెక్కయితే మిట్టల్ని కోసి గుంటల్ని వదిలేస్తుంది. పడవ ఒళ్ళంతా పెన్సిలుతో పిచ్చిగీతలు గీసి, వాటి మీద ఏటవాలుగా రుద్దాలి. గీతలు చెరిగిన చోట సరే, మిగిలిన చోట పల్లం. అందులో పుట్టీ నింపి, ఆరనిచ్చి, మళ్ళీ గీతలు, మళ్ళీ రుద్దడం. చివరికి కళ్ళు మూసుకుని అరచేత్తో నిమరాలి.

"కన్నును నమ్మబాక," అనేవాడు. "పని అయిపోయిందనుకోవాలని దానికి ఆత్రం. చేతికి అట్టాంటి ఆత్రం లేదు."

నా భుజాలు నొప్పెట్టేవి, జుట్టంతా పొడి అయ్యేది. అయినా అక్కడ నాకు హాయిగా ఉండేది. ఏమవుతావని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఎండలు ముదిరేసరికి నా చేతికి పడవంతా ఒక్కతీరుగా తగలసాగింది. ఆయన మాత్రం పడవ ముక్కు దగ్గర, నీళ్ళను చీల్చే అంచుకు కాస్త వెనకగా, "ఈడ పల్లం ఉండాది" అంటూ రుద్దుతూనే ఉన్నాడు. పుట్టీ పెట్టేవాడు, రుద్దేవాడు, నిమిరేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. రంగు డబ్బాలు మూలన అలాగే పడి ఉన్నాయి.

ఒకరోజు ఆయన భార్య జైతూన్ అక్క నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "అన్నకు షుగరు గదా. వేళ్ళు తిమ్మిరెక్కిపోయినాయి. టీ గ్లాసు కాలతా ఉన్నా తెలవడంలా. ఆ పల్లం నిజంగా ఉండాదో, చేతికట్టా అనిపిస్తా ఉండాదో. నా మాట ఇనడు. అయిపోయిందని నువ్వన్నా చెప్పు తల్లీ."

చెబుతానన్నాను. పంచలోకి పోయాక, నేను నోరు విప్పకముందే ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టాడు.

"నిజం చెప్పమ్మా. పల్లం ఉండాదా, లేదా?"

కళ్ళు మూసుకున్నాను. మొదట ఏమీ లేదనిపించింది. రెండోసారి ఏదో ఉందనిపించింది. ఆయన అన్నాడు గనక అనిపించిందా? మొదట లేదనిపించింది అక్క చెప్పింది గనకా? లేదని చెబితే పని ముగుస్తుంది, అక్క సంతోషిస్తుంది. ఉందంటే ఆయన చేతికి ధైర్యం. నా చేతిని అడుగుదామంటే అది ఏదీ తేల్చడం లేదు.

"నాకు తెలవడంలా అన్నా," అన్నాను. ఏడుపొచ్చినంత పనయింది.

ఆయన పక్కనే నేలమీద కూలబడి నవ్వాడు. "నాకూ అంతేమ్మా. ఎవరితో చెప్పుకుంటాను? పోనీ, రంగేసేద్దాం. తెలవకుండానే వేద్దాం."

అడుగుపూతగా ప్రైమరు, దాని మీద నిగనిగలాడే నీలం వేశాం. ఆరాక, మర్నాడు పొద్దున్నే, దుమ్ము పడకుండా పంచ వారగా కట్టిన పట్టా తీశాం. ఏటవాలు ఎండ పడవ వెంట నీళ్ళలా జారుతూ వచ్చి, ముక్కు దగ్గర ఒక్కచోట వంగింది. అదే చోట. గరుకు ప్రైమరు దాచినదాన్ని మెరుపు బయటపెట్టింది.

"చూసినావా!" అని కేకేశాడు. "ఉండాది! నా చెయ్యి ఇంకా చావలా!"

సొంత పనిలో వంకర కనబడితే అంత సంబరపడే మనిషిని జైతూన్ అక్క వింతగా చూసింది. నాకు సంతోషమో, ఉక్రోషమో అర్థం కాలేదు. బాగున్న నా చేతికి దొరకనిది తిమ్మిరెక్కిన ఆ చేతికి దొరికింది. మళ్ళీ రుద్దుదామా అంటే, "వద్దు. నీళ్ళు అంత పట్టించుకోవులే" అన్నాడు.

తుమ్మలపెంట ఒడ్డున పడవ దించిన రోజు జాలర్లు దాన్ని అలల మీదికి తోసి, రమ్మని పిలిచారు. ఆయన మోకాలి లోతులో నిలబడి, పడవ అంచు పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"పోమంటావా మ్మా?"

ఆయన ముఖంలో భయం స్పష్టంగా కనబడుతోంది. పొమ్మనాలో వద్దనాలో తేల్చుకోలేకపోయాను. "తెలవదన్నా," అన్నాను. ఆయన తల ఊపి, లుంగీ ఎగగట్టి, ఇద్దరు జాలర్లు చేతులందిస్తే ఎక్కేశాడు. పడవ అలల వెనక దిగినప్పుడల్లా కనబడకుండా పోయేది, మళ్ళీ లేచేది. తిరిగొచ్చాక ఒడ్డున వాంతి చేసుకుని, ఇసుకలో కూర్చుని, ఎట్టా ఉందని అక్క అడిగితే "ఏమో" అన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ సాయంత్రమే అమ్మతో చెప్పాను, నాకేం కావాలో నాకింకా తెలియదని. అమ్మ కోప్పడలేదు. తెలిసేదాకా చూద్దాంలే అంది.

మస్తాన్ అన్న పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆఫీసులో నలుగురూ నా మాట కోసం చూసేటప్పుడు, తెలియకపోతే తెలియదనే అంటాను. అన్నాక పని ఆపను. ఇది ఆయన నుంచే వచ్చిందని నా నమ్మకం. కానీ ఒక్క సంగతి మాత్రం ఈ రోజుకీ తేలలేదు. ఆ పల్లం మొదటినుంచీ ఉందా, లేక ఉందని నమ్మి, రుద్ది రుద్ది ఆయనే దాన్ని చేశాడా? ఆయన బతికుండగా అడగలేకపోయాను. అడిగినా, బహుశా, ఇద్దరం మళ్ళీ చెయ్యి పెట్టి చూసేవాళ్ళమేమో.