ఎర్ర మెడ తొండ

మహబూబ్‌నగర్‌లో నేను కిరాయికి ఉంటున్న ఇంటి గోడ మీద ఇవాళ ఒక తొండ ఎర్రటి మెడతో తల ఊపుతోంది. చేతిలో పని వదిలేసి ఫోటో తీశాను.

నా చిన్నప్పుడు ఊళ్లో మా బాపు చీరలు నేసేవాడు. ఒక ఎండాకాలం కొత్తగా టచ్ ఫోన్ కొన్నాడు. నేను దాన్ని లాక్కొని ఉడుతల వెంట, పిట్టల వెంట పడేదాన్ని. అవీ కుదురుగా ఉండేవి కావు, నేనూ ఉండేదాన్ని కాదు. ఒకరోజు పెరట్లో, రంగేసి దండెం మీద ఆరేసిన చిలపలనే ఎర్ర నూలు కట్టల పక్కన తొండ కనిపించింది. నేను ఫోన్ ఎత్తి ఫోటో తీస్తుండగానే దాని మెడ ఎర్రబడింది.

"బాపూ, నూలు రంగు ఇడుస్తాంది! తొండకు అంటింది సూడు!" అంటూ లోపలికి ఉరికాను.

బాపు ఫోటో చూసి నవ్వాడు. "ఎండకాలం మగ తొండ మెడ గట్లనే ఎర్రగైతది బిడ్డా. రంగేం ఇడువలే."

మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. నాలుగు పోగులు నేసి, ఉండబట్టలేక పైకి వచ్చాడు. తెల్లగుడ్డ తడిపి ఒక్కో చిలపనూ రుద్ది చూశాడు. గుడ్డకు ఏమీ అంటలేదు. అయినా ఇంకో కొస తడిపి మళ్లీ రుద్దాడు.

బాపు నా మాట నమ్మాడని ఆ రోజంతా మురిసిపోయాను. మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్లు ఎర్రబడితే కొన్న ఇంటివాళ్లు మళ్లీ మా చీర ముట్టరు. ఆయన నమ్మింది నన్ను కాదు, ఆ భయాన్ని అని ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ తీసిన ఫోటోను పెద్దది చేసి చూస్తున్నాను. నా బొటనవేలు ఎప్పటినుంచో ఆ ఎరుపును రుద్దుతోంది.