మడత లేని గౌన్లు

పొట్టి టైలరమ్మ తన బావ నడిపే యూనిఫారాల దుకాణంలో పదకొండేళ్లుగా కుడుతోంది. గుడ్డ కత్తిరించడం బావ పని. నడుములు, చేతులు అతకడం ఈమె పని. అంచులు మడవడం అక్క పని. బల్ల కింద పడ్డ ముక్కల్ని మాత్రం పొట్టి టైలరమ్మ మూట కట్టుకునేది. వాటితో పలకలు తుడిచే మెత్తలు, పెన్సిళ్ల సంచులు, పుస్తకాలు పెట్టుకోవడానికి కుర్చీ వెనక తగిలించే జేబులు కుట్టి బడికిచ్చేది. మాసితే ఉతుక్కుని మళ్లీ వాడుకోవచ్చు. బిడ్డల్లేని మనిషి కదా, ఏదో ఒక సరదా ఉండాలని అక్క పదిమందిలో అనేది. ఆ మాట ముల్లులా గుచ్చుకున్నా ఈమె కుట్టడం మానలేదు.

ఒకరోజు పెద్ద టీచరమ్మ కబురు పంపింది. వెళ్లేసరికి జేబులన్నీ బల్ల మీద కుప్పగా పడున్నాయి. ఆవిడ కూర్చోమనలేదు.

"ఈ గుడ్డ ఎక్కడిది?"

"మా దుకాణంలో మిగిలిన ముక్కలండీ."

"మిగిలినవా, మిగుల్చుకున్నవా?" ఆవిడ ఒక పిల్లను పిలిచి గౌను అంచు తిప్పి చూపించింది. "పిల్లలు ఎదిగితే విప్పుకోవడానికి నాలుగు వేళ్ల మడత పెట్టమని గుడ్డ ఇచ్చాం. వేలెడు కూడా లేదు. నువ్వే కొట్టేశావని మీ బావ చెప్పాడు. మా గుడ్డ దొంగిలించి మాకే దానం చేస్తావా?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా దుకాణానికి వెళ్లింది.

"మడత గుడ్డ ఏం చేశావు బావా?"

"అమ్ముకున్నాను. నీ పేరు చెప్పాను. ఇప్పుడేమంటావు?"

అక్క మిషను ఆపకుండానే అంది. "నోరు మూసుకో. వెనకా ముందూ ఎవరూ లేని దానివి, నింద పడితే నీకు పోయేదేముంది?"

 పొట్టి టైలరమ్మ తన కత్తెర తీసుకుని బడికి తిరిగి వెళ్లి, పెద్ద టీచరమ్మను వెంటబెట్టుకొచ్చి దుకాణం బీరువా తెరిపించింది. ఇంకా అమ్ముడుపోని యూనిఫారం గుడ్డ చుట్టలు చుట్టలుగా బయటపడింది. బావ చేతిలోంచి బడి పని పోయింది. అక్క వాకిట్లో నిలబడి చెల్లెలితో ఇక ఏ సంబంధమూ లేదని చెప్పి తలుపు వేసుకుంది.

పెద్ద టీచరమ్మ తప్పయిందని అనలేదు. "నువ్వూ ఆ ఇంటి మనిషివే. గేటు లోపలికి రాకు" అంది.

పొట్టి టైలరమ్మ లోపలికి వెళ్లలేదు. జేబుల కుప్పను బయటికి తెప్పించుకుని, గేటు పక్కన మెట్టు మీద కూర్చుని కుట్లు విప్పింది. ఆ గుడ్డను పట్టీలుగా అతికి, మడత లేక పొట్టివైన గౌన్ల అంచులకు చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. తల్లులు గౌన్లు తెచ్చి ఒళ్లో పడేసి పలకరించకుండా పోయేవారు.

ఒకావిడ మాత్రం ఆగి, "అంచు రంగు కలవలేదేంటి?" అని విసుక్కుంది.

"ఉతికి ఉతికి వెలిసింది. నచ్చకపోతే ఇటివ్వు, విప్పేస్తాను."

ఆవిడ గౌను ఇవ్వలేదు. చంకలో పెట్టుకుని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. పొట్టి టైలరమ్మ ఇంకో గౌను అందుకుంది.