ఎడమ పక్కన సూదులు

ఎమ్మిగనూరులో మాది నేతగాళ్ళ వీధి. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన, ఇంకోదాని మీద నేను. కాపురానికి వచ్చినప్పటి నుంచి అంతే.

కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం నా ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా పొక్కులు లేచాయి. అక్కి అన్నారు. మా అత్త నన్ను కుమ్మరాయన దగ్గరికి తీసుకుపోయి పొక్కుల మీద జేగురుమన్నుతో సింహం బొమ్మ రాయించింది. డాక్టరు మాత్రలూ మింగాను. పొక్కులు మాడిపోయాయి, నొప్పి మాత్రం నిలిచిపోయింది. జాకెట్టు తగిలితే మంట. పైట కదిలినా ప్రాణం లేచిపోయేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బట్ట నేసిన దాన్ని, ఒంటి మీద బట్టను ఓర్చుకోలేకపోయాను.

నరం దెబ్బతిన్నదనీ, కొందరికి ఇలాగే ఉండిపోతుందనీ పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు ఇచ్చిన మాత్రలకు మగ్గం మీదే తూలేదాన్ని. అప్పుడే మా కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆ పసిదాన్ని నేను గుండెలకు హత్తుకోలేకపోయాను. దూరంగా కూర్చుని చూసేదాన్ని.

ఒకరోజు మా ఆయన నేత ఆపి, "కర్నూల్లో ఒకామె చైనా సూదులు పొడుస్తాదంట. పోదాం పా" అన్నాడు.

"ఉండే నొప్పి సాలదా, మళ్ళా సూదులా?"

"నువ్వు మూలుగుతాంటే ఇనలేకుండా ఉండా మే" అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

సూదుల డాక్టరమ్మ రాయచోటి మనిషి, మా కూతురి కంటే కొంచెం పెద్దదేమో. నొప్పి ఉన్నచోట ముట్టలేదు. చేతికి, కాలికి, వెన్నుకు అవతలి పక్కన వెంట్రుకంత సన్నటి సూదులు గుచ్చింది.

"నొప్పి ఈడుంటే ఆడ పొడుస్తావేందమ్మా?"

ఆమె నవ్వింది. "ఆ వైద్యం దారి అదేనమ్మా. తగ్గొచ్చు. పూర్తిగా పోతాదని మాత్రం మాటియ్యలేను."

తర్వాత చుట్టలాంటిది వెలిగించి వీపు దగ్గర సెగ చూపింది. ఆ వాసన నాకు తెలిసిందే. అడిగితే, మాచిపత్రి అని చెప్పింది. వినాయకుడి పూజకు మనం పెట్టే ఆకే చీనావాళ్ళకు మందట.

వారం వారం బస్సులో పోయి వచ్చాం. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయాను. ఊరు వచ్చినా ఆయన లేపలేదు, కండక్టరు లేపాడు. ఆ సాయంత్రం పసిదాన్ని ఎడమ పక్కకు ఎత్తుకున్నాను. అది పిడికిలితో నా రొమ్ము మీద కొట్టింది. మంట పుట్టలేదు. నేను ఏడుస్తుంటే ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"మళ్ళా వచ్చిందా?"

"లేదప్పా, లేదు. అందుకే."

ఆ సుఖం వానాకాలం దాకా నిలిచింది. ఒక పొద్దున బిందె ఎత్తబోతే పాత మంట పాత చోటే రగిలింది. మళ్ళీ కర్నూలుకు తిరిగాం. ఈసారి నొప్పి సూదులకు లొంగలేదు. చివరికి డాక్టరమ్మే నా చెయ్యి పట్టుకుంది.

"నా చేత అయ్యేది ఇంతేనమ్మా. ఊరికే తిప్పితే మీకు ఆశ పెట్టినట్టు అవుతాది. ఆ పెద్ద డాక్టరు దగ్గరికే పోండి, మాత్రలు మార్చి సూస్తాడు."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నేనే ఆమెను ఓదార్చాను. 

కొన్నాళ్ళకు ఆయన నా మగ్గం మీది పడుగు దారాలు కొయ్యబోయాడు. సగం నేసిన చీర దాని మీదే ఉంది, నీలానికి ఎర్ర అంచు.

"ఉండనీ. మంచిగైతే నేస్తా" అన్నాను.

"ఎలకలు కొడతాండాయి మే" అన్నాడు. నేను ఆ ఇంట్లో ఒక్క ఎలుకనూ చూడలేదు. ఆయన దారాలు కోసి, ఆ సగం చీరను మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక, చాలాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.