ఎదురుగా ఉన్న మనిషి కోసం

శ్రావణ మాసం, రెండో ఆదివారం, మధ్యాహ్నం. ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, టేకల్ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, పక్కింటి అవ్వ. డైరీలో ఆ రోజుకు ఇంతే రాసుకున్నాను. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు.

మా బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. లోపల రాయి పగలడం మాత్రం ఆగలేదు. లోతున ఎక్కడో బండ పగిలితే పైన మా కూలీల లైన్లలో ఇళ్ళు అదిరేవి, గూట్లో చెంబులు దొర్లేవి. ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు గేటుకు పరుగెత్తేవారు. తమ మనిషి పైకి వచ్చేదాకా అక్కడినుంచి కదిలేవారు కారు. ఆ వేసవిలో ఒకసారి నేను లోపల చిక్కుకుని మరునాడు పైకి వచ్చాను. అప్పటినుంచి నా భార్యకు నిద్ర లేదు. అవ్వ ఉప్పుతో దిష్టి తీసింది. నేను దేవుణ్ణి తలుచుకోమన్నాను, అంకెలు లెక్కపెట్టుకోమన్నాను. అన్నీ చేసింది. అయినా మనిషి సగమైంది.

"అక్కను ఊరికి పిల్చుకోని పోతా బావా. ఆడ భూమి అదరదు," అన్నాడు తమ్ముడు.

"ఆడుంటే, ఈడ అదిరింది నాకెట్ల తెలస్తాదిరా?" అంది ఆమె, నా కంచంలో రాగి ముద్ద పెడుతూ.

అంతలో ఇల్లు అదిరింది. ఆమె గరిటె పారేసి బయటికి పరుగెత్తింది. నేను ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాను! ఎంగిలి చేత్తోనే వెంటపడ్డాను.

గేటు దగ్గర కాపలావాడి చొక్కా పట్టుకుని, "మా ఇంటాయన పైకొచ్చినాడా? చెప్పన్నా!" అంటోంది. భుజం పట్టి నావైపు తిప్పుకున్నాను. నన్ను చూసింది. మళ్ళీ గేటువైపే తిరిగింది.

ఆయాసపడుతూ వచ్చిన అవ్వ ఆమెను నవ్వించబోయింది. "ఏమే, నీ మొగుడు నీ ఎనకాలే నిలబడుండాడు. లోపల ఇంకొకణ్ణి దాచిపెట్టుకోనుండావా ఏమి?"

అంత భయంలోనూ ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

లోపలివాళ్ళు క్షేమంగానే వచ్చారు. పైకి వచ్చిన ప్రతి ముఖంలో ఆమె నన్ను వెతికింది. చివరి మనిషి దాటిపోయాక నా చెయ్యి చూసి, "ముద్ద ఎండిపోయిండాది, కడుక్కోలేదే?" అంది.

భయపడొద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఆ మాట ఆమెకూ తెలుసు. ఆమె కాళ్ళకు చెప్పగల మాట నా దగ్గర లేదు.

మరునాడు పొద్దున నాకు మొదటి షిఫ్టు. మారికుప్పంలో రైలుబండికి వేళయిందని తమ్ముడు సంచి భుజాన వేసుకున్నాడు. ఆమె స్టేషను దారి పట్టలేదు. నాతో గేటుదాకా వచ్చి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఇంటికన్నా పోమ్మా," అని బతిమాలాను.

"నువ్వు దిగు. నేనీడే ఉంటా."

దిగకపోతే పని పోతుంది. లోపలికి నడిచాను. తిరిగి చూసేసరికి మా వెనకాలే వచ్చిన తమ్ముడు సంచి దించి, అక్క పక్కన కూర్చుంటున్నాడు.