గీతలు పూడ్చిన విమానం

నాసిరకం వస్తువు మీద మంచి పనితనం పెడితే, ఆ పనితనం వృథా అయినట్టా, లేక ఆ వస్తువే అదృష్టం చేసుకున్నట్టా? ఇన్నేళ్ళుగా ఇన్ని పుస్తకాలు తిరగేసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. పళ్ళబావ కథ తలుచుకున్నప్పుడల్లా ఆలోచన మళ్ళీ మొదటికే వస్తుంది.

ఆయన అత్తవారి వైపు అందరూ ఆయన్ని పళ్ళబావ అనేవారు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని. దంతవైద్యుడి గది వెనక, కిటికీ లేని చిన్న గదిలో కూర్చుని, ముఖం తెలియని మనుషులకు నవ్వులు తయారుచేసేవాడు. ముందుగదిలో తీసిన అచ్చు ఆయన బల్ల మీదికి వచ్చేది, పళ్ళ వరస తిరిగి అటు వెళ్ళేది. ఒకసారి బస్సులో ఎదుటి సీట్లో ఒకావిడ ఫక్కున నవ్వింది. ముందుపన్ను కాస్త పక్కకు ఒరిగి ఉంది. మరీ తీరుగా ఉంటే కట్టుడని తెలిసిపోతుందని తన చేత్తో తానే ఒరిగించిన పన్ను అది. పలకరిద్దామని నోటిదాకా వచ్చింది. ఏమని పలకరిస్తాడు? తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

భార్య ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాటల బాధ్యత ఆవిడదే. ఆయన వంతు కూడా ఆవిడే మాట్లాడేది. తమ్ముడితో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడి, పెట్టేసేముందు, "ఇదిగో, మీ బావ నిన్ను అడిగానన్నారు," అనేది. ఆయన పక్కగదిలో పేపరు చదువుకుంటూ ఉండేవాడు, ఎవర్నీ ఏమీ అడిగి ఉండేవాడు కాదు. "వాడూ మిమ్మల్ని అడిగానన్నాడు," అని ఇటొచ్చి చెప్పేది. అది నిజమో కల్పనో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. ఆదివారం తమ్ముడింటికి వెళ్తే చేతిసంచితో పాటు ఆయన్నీ వెంటబెట్టుకెళ్ళేది. ఆవిడ పోయాక సంచి కొక్కేనికీ, ఆయన కుర్చీకీ మిగిలిపోయారు.

బామ్మర్దికి బొమ్మ విమానాల పిచ్చి. ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో వచ్చేవాటిని అతికించి, రంగులేసి, హాల్లో అద్దాల అలమరలో నిలబెట్టుకునేవాడు. ఆదివారం ఉదయం అదే పిచ్చి ఉన్న స్నేహితులు చేరేవారు. అక్క పోయిన కొత్తలో ఒకరోజు వచ్చి, బావ ఒళ్ళో ఒక పెట్టె పడేశాడు.

"ఇలా గోడకేసి చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటావు బావా? ఇది చేసి పట్రా. మా అలమరలో పెడతా."

"నాకేం చేతవునురా విమానాలు?"

"నోరు నోరంతా పళ్ళు నిలబెట్టేవాడివి, రెండు రెక్కలు నిలబెట్టలేవూ?"

చేసి పట్రా. ఆ మాట ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఆ గడప మళ్ళీ తొక్కడానికి, ఆవిడ వెనకాల కాకుండా తనంతట తానుగా తొక్కడానికి, ఒక కారణం దొరికింది.

పెట్టె మీద బొమ్మలో జెట్ విమానం మబ్బుల్ని చీల్చుకుంటూ పోతోంది. లోపలున్నది వేరే సంగతి. ఒక రెక్క ఎండకు పెట్టిన అప్పడంలా వంకర తిరిగింది. విమానం పొట్ట రెండు భాగాలుగా ఉంది కానీ, ఒకటి రెండోదాన్ని ముందెన్నడూ చూసినట్టు లేదు. కలిపితే మధ్యలో గోరు దూరేంత సందు. అంచుల్లో ప్లాస్టిక్ కారి గడ్డకట్టింది. పైలట్ కూర్చునే చోటి అద్దం శుక్లం పట్టిన కన్నులా ఉంది. చక్రాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి, అదే గొప్ప.

మరొకరైతే చెత్తబుట్టలో వేసేవారు. ఆయనకు మాత్రం ఇంతకన్నా అధ్వాన్నమైన దవడలు తెలుసు. వంకర రెక్కను వేడినీళ్ళలో మెత్తబరిచి, రెండు గాజుపలకల మధ్య బిగించాడు. సందుల్లోకి తన పనిలో కట్టుడు చిగుళ్ళు పోయడానికి వాడే పొడినే కలిపి నింపాడు. అతుకులన్నీ గులాబీ రంగు తేలాయి. ఆ గులాబీ రంగు చూస్తే ఆయనకు చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

అసలు పని తరవాత మొదలైంది. విమానం ఒళ్ళంతా సన్నటి గీతలున్నాయి. పళ్ళ సెట్టు మీద వెంట్రుకంత గీత కనిపించినా ఆయన లెక్కలో అది పగులే. తిండి ఇరుక్కుంటుంది, నాలుక పట్టేస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు అక్కడే విరుగుతుంది. ఇంత నాసిరకం పోత పోసినవాళ్ళు పగుళ్ళు మాత్రం వదలకుండా ఉంటారా? ఒక్కొక్క గీతనూ పూడ్చాడు, రుద్దాడు, మళ్ళీ పూడ్చాడు. వానలు వెలిసి చలి మొదలైనా వదల్లేదు. బూడిదరంగు వేసి, పళ్ళకు మెరుగుపెట్టే చక్రం మీద పట్టాడు. చివరికి విమానంలో తన ముఖం కనిపించింది.

మెత్తటి గుడ్డలో చుట్టుకుని ఒక ఆదివారం బామ్మర్ది ఇంటికి వెళ్ళాడు. మెట్లెక్కుతుంటే కాళ్ళకన్నా గుండె ముందుంది. బామ్మర్ది భార్య తలుపు తీసి, "అన్నయ్యగారా! రండి రండి, ఎన్నాళ్ళకి!" అంది. హాల్లో బామ్మర్దితో పాటు బ్యాంకాయన, కళ్ళజోళ్ళ కొట్టాయన ఉన్నారు. ఆయన గుడ్డ విప్పాడు.

"అమ్మో, ఏం మెరుపండీ!" అన్నాడు బ్యాంకాయన. "కళ్ళు పోయేలా ఉన్నాయి."

"మీ కళ్ళు పోతే నాకు బేరమేగా," అని కళ్ళజోళ్ళాయన విమానాన్ని దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "గీతలేవండీ?"

"ఏ గీతలు?"

"నిజం విమానానికి రేకులు అతికిన చోట సన్నటి గీతలుంటాయి కదండీ, ఒళ్ళంతా? వాటి కోసమే మేం చచ్చేది."

"అవా? పగుళ్ళనుకుని పూడ్చేశాను."

ముగ్గురూ ఒక్కసారే గొల్లున నవ్వారు.

"బావా, ఇది విమానం కాదు, సబ్బుబిళ్ళ! ఇదిగో, రెక్క మొదట్లో రంగు లేచి చిగుళ్ళు కూడా బయటపడ్డాయి చూడండి. కరుస్తుందేమో, చెయ్యి జాగ్రత్త!"

"ఆకలేస్తే కరుస్తుంది," అన్నాడు పళ్ళబావ. మళ్ళీ నవ్వులు. ఆయనా నవ్వాడు. తనను బావా అని పిలిచి వేళాకోళం చేసేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో. పోయిన గీతలు పోనీ అనిపించింది.

బామ్మర్ది కళ్ళు తుడుచుకుంటూ విమానాన్ని తిరగేశాడు. "అయినా ఎక్కడ అంటగట్టారు బావా నీకిది? ఈ రకం పెట్టె ఎవడూ ముట్టుకోడు. కొనేముందు నన్నొక్క మాట అడిగితే వద్దనేవాణ్ణి కదా."

ఇదీ వేళాకోళమే అనుకుని ఆయన తలెత్తి చూశాడు. కాదు. బామ్మర్ది ముఖం జవాబు కోసం అమాయకంగా ఎదురుచూస్తోంది. అతనికి గుర్తు లేదు. పెట్టె ఇవ్వడమూ, చేసి పట్రా అనడమూ, ఏదీ గుర్తు లేదు. అప్పుడతనూ అక్కను పోగొట్టుకున్న మనిషి. ఎవరి ఒళ్ళో ఏం పడేశాడో, ఏమన్నాడో ఎలా గుర్తుంటుంది? కోపం తెచ్చుకుందామన్నా వీల్లేదు.

"ఎక్కడో దొరికిందిలేరా," అన్నాడు పళ్ళబావ.

బామ్మర్ది లేచి అలమర వైపు చూశాడు. అన్ని అరలూ నిండి ఉన్నాయి. "ప్రస్తుతానికి ఫ్రిజ్ మీద పెడదాం బావా. సర్దినప్పుడు చూద్దాం." విమానాన్ని మందుసీసాల పక్కన ఆనించి వచ్చి కూర్చున్నాడు. బ్యాంకాయన సంచిలోంచి కొత్త పెట్టె తీశాడు. ముగ్గురు తలలూ దాని మీదికి వంగాయి. రంగుల పేర్లేవో, జిగుర్ల పేర్లేవో మాట్లాడుకుంటున్నారు. ఆయన వంతు మాటలు అక్కడ ఎవరి దగ్గరా లేవు.

కాసేపటికి లేచాడు. వెళ్ళేటప్పుడు ఎవరైనా వస్తానంటారే గానీ వెళ్తానని అనరు. అలా అంటూనే పెరిగారు అందరూ. ఇన్నేళ్ళూ ఇద్దరి తరఫునా, "వస్తాంరా" అని భార్యే అనేది. ఇప్పుడా మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. వస్తాను అంటే, దేనికని వస్తాడు?

బామ్మర్ది భార్య వంటింట్లో టీ కాస్తోంది. గుమ్మం బయట అందరి చెప్పుల మధ్య తన జత వెతుక్కుని, వంగకుండా కాలి వేళ్ళతోనే దగ్గరికి లాక్కుని వేసుకున్నాడు. లోపల ఎవరో ఏదో అన్నారు, మళ్ళీ నవ్వులు లేచాయి. తలుపును చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.